పన్ను విరిగితే సిమెంటా, క్యాపా, ఇంకేమన్నానా?

నా కింది దవడ పన్ను చేగోడీ కొరుకుతుంటే టప్పుమని విరిగింది. ఆ పన్నుకి అప్పటికే రూట్ కెనాల్ (లోపల పాడైన నరం తీసి నింపేయడం) అయిపోయింది, పైన క్యాప్ (పంటికి తొడుగు) వేయించుకోమని డాక్టర్ చెప్తే నొప్పి లేదు కదా చూద్దాంలే అని ఎనిమిది నెలలు సాగదీశా, తీరా చూస్తే చీలిక వేరు దాకా దిగిపోయింది, ఇక పీకేయడం తప్ప దారి లేదన్నారు. క్యాప్‌తో పోయేది ఇంప్లాంట్ దాకా వెళ్ళి తడిసి మోపెడయింది.

సరే, మీకు పన్ను విరిగిందనుకోండి. ముందు గోరువెచ్చని నీళ్ళతో పుక్కిలించండి. ముందు పన్ను అయితే విరిగిన ముక్క దొరుకుతుందేమో వెతికి చిన్న డబ్బాలో పాలు పోసి అందులో వేసి తీసుకెళ్ళండి, ముక్క సరిగ్గా ఉంటే దాన్నే మళ్ళీ అతికించొచ్చు. నొప్పికి మాత్ర మింగొచ్చు కానీ ఆస్పిరిన్ నలిపి చిగురు మీద పెట్టడం మాత్రం వద్దు, చిగురు కాలి తెల్లగా అయిపోతుంది. లవంగ నూనె దూదితో దండిగా అద్దినా అంతే.

డాక్టర్ ఎక్స్‌రే తీసి ముఖ్యంగా చూసేవి రెండు, దెబ్బ నరం దాకా వెళ్ళిందా, చిగురు పైన గట్టి పన్ను ఎంత మిగిలింది. మీకూ కొంత తెలుస్తుంది, చల్లనీళ్ళు తాగితే జివ్వుమని వెంటనే తగ్గిపోతే నరం బాగానే ఉండొచ్చు, అదే నిమిషాల తరబడి లాగుతున్నా, అర్ధరాత్రి నిద్ర లేపుతున్నా రూట్ కెనాల్‌కి సిద్ధపడండి.

చిన్న ముక్క పోతే పంటి రంగు సిమెంట్ చాలు, కాంపోజిట్ అంటారు, నీలం లైట్ పెట్టి గట్టిపరుస్తారు, చాలావరకు ఒక్క సిట్టింగ్‌లో అయిపోతుంది. దవడ పన్నులో సగం పోయినా, రూట్ కెనాల్ చేసినా క్యాపే నయం, ఎందుకంటే పుచ్చు తీసి లోపల తవ్వాక మిగిలేవి పల్చటి గోడలు, నమిలే బలం మొత్తం వాటి మీద పడి చీలిపోతాయి, క్యాప్ ఆ గోడల్ని చుట్టూ బిగించి పట్టుకుంటుంది. అది పట్టుకోవాలన్నా చిగురు పైన చుట్టూ కనీసం 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను ఉండాలి.

లోపలి దవడకి మెటల్ క్యాప్ వేసినా ఎవరికీ కనపడదు, గట్టిది కూడా. మెటల్ మీద సిరామిక్ పూసినవి కొన్నేళ్ళకి చిగురు దగ్గర నల్ల గీతలా కనపడొచ్చు. ముందు పళ్ళకి జిర్కోనియా (మెటల్ లేని తెల్లటి సిరామిక్) లాంటివి బాగుంటాయి. రంగు ట్యూబులైట్ కింద కాకుండా కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూసి ఒప్పుకోండి. పళ్ళు తెల్లబరిపించుకోవాలని ఉంటే ముందే చేయించుకోండి, క్యాప్ రంగు తర్వాత మారదు.

అన్నిటికంటే ముఖ్యం, జనం మొహమాటపడేది ఇక్కడే. క్యాప్ పెట్టాక నీలం కాగితం కొరకమంటారు, ఎత్తుగా ఉన్న చోట మచ్చ పడుతుంది, అక్కడ అరగదీస్తారు. మత్తులో ఉంటే సరిగ్గా తెలీదు, అందుకే నిలువుగా కొరికి ఊరుకోకుండా పళ్ళు అటూ ఇటూ రుద్ది చూడండి. ఇంటికెళ్ళి అన్నం తింటుంటే మిగతా పళ్ళకంటే ముందు ఆ పన్నే తగులుతుంటే అలవాటైపోతుందిలే అనుకోకండి, మర్నాడే వెళ్ళి సరి చేయించుకోండి, లేకపోతే ఆ పన్నూ దాని ఎదురు పన్నూ రెండూ నొప్పి పుడతాయి. ఇదంతా కాక, అసలు క్యాప్ తయారయ్యేదాకా పెట్టే టెంపరరీ క్యాప్ మీద జీడీలు, పల్లీ చిక్కీ తినడం వద్దు.

పన్ను పోయి ఖాళీ ఉంటే అలా వదిలేస్తే పక్క పళ్ళు వాలతాయి, ఎదురు పన్ను ఖాళీలోకి జరుగుతుంది. బ్రిడ్జి అంటే పక్క పళ్ళ క్యాప్‌లకి కలిపి మధ్యలో పెట్టే కృత్రిమ పన్ను, త్వరగా అయిపోతుంది కానీ రెండు పక్కలా బాగున్న పళ్ళని అరగదీయాలి, అది నాకు నచ్చలేదు. ఇంప్లాంట్ అంటే ఎముకలో టైటానియం స్క్రూ, అది ఎముకతో కలవడానికి మామూలుగా 3 నుంచి 6 నెలలు, షుగర్ కంట్రోల్‌లో లేకపోయినా సిగరెట్ మానకపోయినా రిస్కే. ఖర్చు కుదరకపోతే తీసిపెట్టుకునే కట్టుడు పళ్ళున్నాయి.

నల్గొండ వైపు ఫ్లోరైడ్ నీళ్ళతో పళ్ళ మీద గోధుమ మచ్చలు వచ్చినవాళ్ళు నేరుగా వెనీర్లకి (పంటి ముందు వైపు అతికించే పల్చటి పెంకులు) పోకండి, ముందు పైపొర మెల్లగా రుద్దడం, బ్లీచింగ్ అడగండి, వెనీర్ కోసం గీకేసిన ఎనామెల్ (పంటి గట్టి పైపొర) మళ్ళీ పెరగదు.

రేటు అడిగేటప్పుడు రూట్ కెనాల్‌కీ క్యాప్‌కీ విడివిడిగా అడగండి. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో గవర్నమెంట్ డెంటల్ కాలేజీలున్నాయి, స్టూడెంట్లు చేసినా పైన ప్రొఫెసర్లు చూస్తారు, కాకపోతే నాలుగుసార్లు తిరిగే ఓపిక ఉండాలి.

క్యాప్ వేయించుకున్నాక కూడా దాని అంచు కింద పన్ను పుచ్చిపోవచ్చు, రోజూ అక్కడ బ్రష్, ఫ్లాస్ (పళ్ళ సందుల్లో తిప్పే దారం) ఆడాలి. ఊడిపోతే పారేయకండి, మా బాబాయిలా గమ్ముతో అతికించుకోకండి కూడా, వంకరగా అతుక్కుని చివరికి దాన్ని కోసి తీయాల్సొచ్చింది, కడిగి డబ్బాలో వేసుకుని తీసుకెళ్తే చాలాసార్లు అదే క్యాప్ మళ్ళీ పెట్టేస్తారు.