తుంటి కీలు మార్చకుండా కాపాడుకోవాలంటే

గజ్జల్లో నొప్పి వారాల తరబడి తగ్గట్లేదా? స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్లు, మందు బాగా తాగేవాళ్లు అయితే ఎక్స్‌రే బాగానే ఉందని ఊరుకోకండి, ఎమ్మారై గురించి అడగండి. తొడ ఎముక తలకు రక్తం అందక ఎముక చచ్చిపోవడం, అదే ఏవీఎన్, మొదట్లో ఎక్స్‌రేలో కనపడదు. రెండో తుంటినీ చూపించుకోండి, చాలామందికి రెండువైపులా వస్తుంది.

రిపోర్టు వచ్చాక అడగాల్సిన అసలు ప్రశ్న: ఎముక తల ఇంకా గుండ్రంగా ఉందా, కుంగిందా? గుండ్రంగా ఉంటే, దెబ్బతిన్న భాగం చిన్నదైతే, కోర్ డీకంప్రెషన్ చేస్తారు, అంటే ఎముకలోకి డ్రిల్లుతో రంధ్రం చేసి లోపలి ఒత్తిడి తగ్గించడం, కొందరు అందులోనే రోగి సొంత ఎముక మజ్జ కణాలు కూడా ఎక్కిస్తారు. దెబ్బతిన్న భాగం పెద్దదైతే పిక్కలోని ఫిబులా ఎముక ముక్కను రక్తనాళాలతో సహా తెచ్చి అతికించే పద్ధతి ఉంది, కానీ అది పెద్ద ఆపరేషన్, అనుభవమున్న సర్జన్ కావాలి. ఎముకను కోసి, బరువు మంచి భాగం మీద పడేలా తిప్పే ఆస్టియాటమీ కొద్దిమందికే పనికొస్తుంది. తల బాగా కుంగి కీలు అరిగిపోతే మాత్రం ఇవేవీ పెద్దగా పనిచేయవు, వయసు తక్కువైనా కీలు మార్పిడే నయం.

ఆపరేషన్ తర్వాతే చాలామంది తొందరపడతారు. నొప్పి తగ్గింది కదా అని చంకకర్రలు పక్కన పడేయకండి, డ్రిల్ చేసిన చోట ఎముక విరిగే ప్రమాదం ఉంది, డాక్టర్ చెప్పిన వారాలన్నీ వాడాల్సిందే. సిగరెట్, మద్యం మానేయండి. స్టెరాయిడ్లను మాత్రం సొంతంగా ఆపకండి, రాసిన డాక్టర్‌తో మాట్లాడి తగ్గించుకోండి.