కుర్చీలో కూర్చునే మొదలుపెట్టే వ్యాయామం: విజయవాడ, గుంటూరు దివ్యాంగులకు ఒక మార్గదర్శిని

దివ్యాంగులు వ్యాయామం ఎంచుకునేటప్పుడు ముందుగా చూసుకోవలసింది, పనిచేసే అవయవాల మీద రోజంతా ఎంత భారం పడుతున్నదన్నది. వీల్‌చైర్ తోసుకునేవారికి భుజాలే కాళ్లు. మంచం మీదికి మారడం, స్నానాల గదిలోకి వెళ్లడం, ఆటో ఎక్కడం అన్నీ వాటి మీదే నడుస్తాయి. అటువంటి భుజాలతో మళ్లీ ముందుకు తోసే కసరత్తులే చేస్తే బలం రాకముందే నొప్పి వస్తుంది. అందువల్ల రోజువారీ పనికి ఎదురు దిశలో కదిలించే కండరాలను బలపరచాలి, భారం మోసే కీళ్లను కాపాడుకోవాలి. తక్కిన సూచనలన్నీ ఈ నియమం నుంచే వస్తాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాలు దివ్యాంగులైన పెద్దలకు కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమను, కనీసం 2 రోజులు కండరాల బలానికి కసరత్తును సూచించాయి. ఇది కొన్ని నెలల్లో చేరుకోవలసిన గమ్యమే గాని మొదటి వారపు లెక్క కాదు. రోజుకు 10 నిమిషాలతో మొదలుపెట్టినా చాలు. పక్కవారితో మాట్లాడగలుగుతూ, పాట మాత్రం పాడలేనంత ఆయాసం వస్తే అది మధ్యస్థ శ్రమ. వెన్నుపాము పై భాగంలో దెబ్బ తగిలినవారికీ, కొన్ని రకాల రక్తపోటు మందులు వాడేవారికీ నాడి వేగం శ్రమను సరిగా చూపదు కనుక చేతి గడియారంలో కనిపించే అంకె కన్నా ఈ మాటల పరీక్షే నమ్మదగినది.

మొదలుపెట్టే ముందు వైద్యుల సలహా తప్పనిసరి. సదరం ధ్రువపత్రంలో వైకల్య శాతం ఉంటుంది గాని ఏ కదలిక మేలో, ఏది కీడో అందులో ఉండదు. మంగళగిరి ఎయిమ్స్‌లోని ఫిజికల్ మెడిసిన్ అండ్ రిహాబిలిటేషన్ విభాగంలోగాని, దగ్గరలోని ఫిజియోథెరపిస్టు వద్దగాని మూడు సంగతులు అడిగి తెలుసుకోవాలి: ఏ కీలు ఎంతవరకు కదపవచ్చు, ఎముకలు పలచబడి ఉన్నాయా, వాడుతున్న మందులు శ్రమను తట్టుకునే శక్తిని తగ్గిస్తాయా.

వీల్‌చైర్‌లో చేసే కసరత్తుకు ముందు కుర్చీని గోడకు ఆనించి, రెండు బ్రేకులూ వేసి, నడుము నిలవనివారు పొట్ట చుట్టూ మెత్తని పట్టీ కట్టుకోవాలి. భుజాలను నెమ్మదిగా గుండ్రంగా తిప్పుతూ 5 నిమిషాలు ఒళ్లు వేడెక్కించిన తరువాత, ఎలాస్టిక్ బ్యాండ్‌ను ఎదురుగా ఉన్న కిటికీ ఊచకు ఛాతీ ఎత్తులో గట్టిగా కట్టి, కుర్చీని ఊచల వైపు తిప్పి మళ్లీ బ్రేకులు వేసుకుని, మోచేతులు పక్కటెముకలను రాసుకుంటూ వెనక్కి వెళ్లేలా, రెండు రెక్క ఎముకలూ దగ్గరయ్యేలా లాగాలి. 10 సార్లు లాగి, ఒక నిమిషం ఆగి, మళ్లీ 10 సార్లు లాగితే తొలి వారాలకు సరిపోతుంది. ఒక్క కసరత్తుకే సమయం ఉన్నదంటే ఇదే చేయమని చెబుతాను, ఎందుకంటే చక్రాలు తోయడంలో అలసేది ఛాతీ, భుజం ముందు భాగం కాగా, భుజాన్ని స్థానంలో నిలబెట్టే వెనుక కండరాలకు రోజంతా తగిన పని దొరకదు. తరువాత తలుపు చట్రానికి ముంచేయి ఆనించి 20 నుంచి 30 సెకన్లు ఛాతీని సాగదీయాలి. ఆయాసం రావాలనుకునేవారు గాలిలో పిడికిళ్లు విసరవచ్చు; అర లీటరు నీళ్ల సీసా అర కిలో బరువుగా పనికివస్తుంది. మరునాటి ఉదయానికి కూడా భుజం నొప్పి తగ్గకపోతే ఎక్కువ చేశారని అర్థం.

స్పర్శ లేనివారికి కూర్చున్నచోట ఒత్తిడి పుండ్లు పడే ప్రమాదం ఉంది కనుక వ్యాయామం మధ్యలో కూడా 15 నుంచి 30 నిమిషాలకొకసారి భారం మార్చుకోవాలి. చేతుల మీద ఒళ్లంతా పైకి ఎత్తడం కన్నా, ఒకటి రెండు నిమిషాలు ముందుకుగాని పక్కకుగాని వంగి ఉండడం భుజాలకు మేలు.

వెన్నుపాము దెబ్బ ఛాతీ భాగపు ఆరో వెన్నుపూస దగ్గరగాని అంతకు పైనగాని ఉన్నవారు మరింత జాగ్రత్త వహించాలి. మూత్రాశయం నిండినా, మూత్రం పోయేందుకు పెట్టిన గొట్టం మెలిపడినా రక్తపోటు ఒక్కసారిగా పెరిగి తలపోటు, చెమటలు, ముఖం ఎర్రబడడం కనిపించవచ్చు. వెంటనే వ్యాయామం ఆపి, నిటారుగా కూర్చుని, బిగుతు బట్టలు వదులుచేసి, గొట్టాన్ని సరిచూడాలి. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. దెబ్బకు దిగువన చెమట సరిగా పట్టదు కనుక వీరికి విజయవాడ ఎండ అందరికన్నా ఎక్కువ ప్రమాదకరం. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం 7 లోపే ముగించాలి, లేదా ఇంట్లో ఫ్యాన్ కింద చేసుకోవాలి; మెడ మీద తడి తువ్వాలు వేసుకుని, ముఖం మీద నీళ్లు చిలకరించుకుంటూ ఉండాలి.

పోలియో వచ్చి క్యాలిపర్‌తో (కాలికి కట్టే ఊత చట్రంతో) నడుస్తున్న మధ్యవయస్కులు మన ప్రాంతంలో చాలామందే ఉన్నారు. దేశంలో సహజ పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011 జనవరిలో నమోదైనా, వ్యాధి వచ్చిన దశాబ్దాల తరువాత కండరాలు కొత్తగా బలహీనపడవచ్చు. ఒళ్లు నలిగేదాకా చేస్తేనే ఫలితమన్న జిమ్ముల నీతి వీరికి పనికిరాదు. అలసటకు ముందే ఆగాలి, రోజు విడిచి రోజు చేయాలి.

చూపు లేనివారికి సమస్య సాధారణంగా బలం కాదు, దిశ. నేల మీద చాప పరచుకుని చేస్తే దాని అంచు పాదానికి తగిలి, ఎక్కడ నిలబడ్డామో తెలుస్తుంది. పరుగుకు తోడుగా వచ్చే వ్యక్తి, వీరు కలిసి ఒక చిన్న తాడును చెరొక చివర పట్టుకోవాలి. మలుపు, గుంత, మెట్టు గురించి తోడువారు ముందే నోటితో చెప్పాలి. ఉమ్మడి గుంటూరు జిల్లాకు చెందిన ఇల్లూరి అజయ్ కుమార్ రెడ్డి భారత అంధుల క్రికెట్ జట్టుకు సారథ్యం వహించి 2023 సంవత్సరానికి అర్జున పురస్కారం పొందారు. చప్పుడు చేసే బంతితో ఆడే ఆ ఆట పరుగు, వంగడం, విసరడం మూడింటినీ ఇస్తుంది గనుక ఏకాంత కసరత్తు విసుగనిపించేవారు దానికోసం వాకబు చేయవచ్చు.

వినికిడి లేనివారికి నేర్పే వ్యక్తి ముఖం కనిపించేలా నిలబడితే సగం పని అయినట్టే. డౌన్ సిండ్రోమ్ ఉన్నవారు పల్టీలు, తల కిందుగా నీళ్లలోకి దూకడం వంటివి మెడ పరీక్ష చేయించుకున్నాకే చేయాలి.

బయట చేయదలచినవారు చోటును ముందుగా చూసి రావాలి. కృష్ణ ఘాట్లు మెట్లతో కట్టినవి. తడి మెట్ల మీద ఊతకర్ర జారుతుంది. ఘాట్లలోగాని బందరు కాలువలోగాని ఈతకు దిగరాదు. పార్కుల గేట్ల దగ్గర మోటారు సైకిళ్లను ఆపడానికి పెట్టే ఇనుప కడ్డీలు చాలాసార్లు వీల్‌చైర్‌నే ఆపుతాయి. ద్వారం 90 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నదా, ర్యాంపు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు ఉన్నదా, మరుగుదొడ్డిలోకి కుర్చీ వెళుతుందా అని జిమ్ము వారిని ఫోనులోనే అడగాలి. ఇవేవీ లేని చోట, క్రీడా వసతులు దివ్యాంగులకు అందుబాటులో ఉండాలని చెప్పే 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 30వ సెక్షన్‌ను పేర్కొంటూ నగరపాలక సంస్థకు అర్జీ ఇవ్వవచ్చు.

వారం వారం పెంచేటప్పుడు సమయాన్నిగాని బరువునుగాని ఒక్కటే పెంచాలి. జ్వరం వచ్చి మానేసినవారు సగంతో తిరిగి మొదలుపెట్టాలి. ఎలాస్టిక్ బ్యాండ్‌ను ఎండపడే కిటికీకే వదిలేస్తే రబ్బరు పగుళ్లు పట్టి, లాగుతున్నప్పుడు తెగి ముఖానికి కొడుతుంది. ప్రతిసారీ విప్పి, నీడలో ఉంచి, వాడే ముందు వేళ్లతో తడిమి చూసుకోవాలి.