మక్కికి మక్కి దించితే బుష్ నిలవదు: శాంపిల్ చూసి పార్టు చేసే పద్ధతి

విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపుకి వెళ్తే ముందు అడిగేది "శాంపిల్ తెచ్చారా?" అనే. డ్రాయింగు ఎవరి దగ్గరా ఉండదు. అరిగిన ముక్క తెస్తారు, దాన్ని చూసి కొత్తది తీస్తారు. చూసి చేయడాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు, ఇక్కడ పని పట్టుబడ్డ చేతులన్నీ అలా నేర్చినవే. చిక్కల్లా శాంపిల్‌తోనే. అసలు కొలత, ఇన్నాళ్ల అరుగుదల, ఇంతకుముందు కాపీ కొట్టినవాడి తప్పు, మూడూ ఒకే ముక్కలో కలిసిపోయి ఉంటాయి. వాటిని విడదీయాలంటే ఆ ముక్క ఎలా పనిచేస్తుందో తెలియాలి.

కారం మిల్లు కౌంటర్ షాఫ్టుకి (మోటారు తిప్పును మిల్లుకి అందించే ఇరుసుకి) గన్‌మెటల్ బుష్ చేయాలనుకుందాం. బుష్ అంటే షాఫ్టు లోపల తిరిగే గొట్టంలాంటి ముక్క, గన్‌మెటల్ అంటే రాగిలో తగరం కలిపిన లోహం. శాంపిల్‌ని డీజిల్‌తో కడిగి, లోపలి వ్యాసాన్ని రెండు చివర్లా, మధ్యలో, ప్రతిచోటా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవండి. ఒకే చోట అడ్డంగా, నిలువుగా కొలిస్తే ఒకటి 30.42, ఇంకోటి 30.18 మి.మీ. వచ్చిందంటే బుష్ కోడిగుడ్డులా అరిగిందన్నమాట. ఈ రెండింటి సగటు తీసి ఆ కొలతకి రంధ్రం బోరు కొట్టడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు. ఆ సగటుకి ఏ అర్థమూ లేదు. దాన్ని వదిలేసి, షాఫ్టు మీద బుష్ తగలని చోటు వెతకండి. అక్కడ 29.97 ఉంటే లెక్క తేలిపోయినట్టే: రంధ్రం 30, షాఫ్టు దానికంటే కాస్త తక్కువ. బుష్ ఆడే చోట కూడా షాఫ్టు కోడిగుడ్డులా అరిగి ఉంటే ముందు దాన్ని సరిచేయించాలి. అలాగే వదిలేస్తే కొత్త బుష్‌కీ అదే గతి.

షాఫ్టుకీ బుష్‌కీ మధ్య సందు ఎంత ఉండాలి? మామూలు లెక్క ప్రకారం వ్యాసంలో వెయ్యో వంతు, అంటే 30కి 0.03 మి.మీ. షాఫ్టు తిరుగుతూ నూనెను తన కిందికి లాక్కుని, ఆ పొర మీద తేలుతుంది. సందు మరీ తక్కువైతే పొరకి చోటుండదు, వేడెక్కి పట్టేస్తుంది. ఎక్కువైతే నూనె పక్కలకి పోయి షాఫ్టు కొట్టుకుంటుంది. మామూలు వెర్నియర్ 0.02 వరకే చదువుతుంది కాబట్టి ఈ పనికి చాలదు. మైక్రోమీటరు, టెలిస్కోపిక్ గేజ్ (రంధ్రం లోపలి కొలత తీసే సాధనం) దగ్గర పెట్టుకోండి.

నూనె గాడి దగ్గర అనుకరణ బాగా దెబ్బతింటుంది. శాంపిల్‌లో గాడి అరిగి కనబడకపోతే అసలు గాడే లేదనుకుని వదిలేస్తారు. కనబడితే, ఏ వైపు ఉందో చూడకుండా కోసేస్తారు. గాడి బరువు పడని వైపు ఉండాలి. బరువు పడే వైపు కోస్తే నూనె పొర అక్కడే తెగిపోతుంది. చివరిదాకా కోసినా నూనె బయటికి కారిపోతుంది, రెండు వైపులా కొంచెం వదలాలి. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టంటే ఇదే.

ఇక బయటి వ్యాసం. శాంపిల్ 37.98 ఉందని అంతే తీస్తే బుష్ హౌసింగులో (బుష్ కూర్చునే గూడులో) తిరిగిపోయి నూనె రంధ్రం మూసుకుంటుంది. సుత్తితో ఊడగొట్టిన ముక్క కొలత నమ్మకండి, హౌసింగునే కొలవండి. అది 38.01 ఉంటే బుష్ 38.04 తీయండి. ప్రెస్‌లో దించాక ఆ బిగువు లోపలికీ పాకి, రంధ్రం దాదాపు అంతే కుంచించుకుంటుంది. అందుకే లోపల ముందే 30 చేయకూడదు. 29.8 దగ్గర ఆపి, దించాక 30 రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకి తెచ్చే టూల్) తిప్పాలి. హెచ్7 అనే ప్రమాణానికి చేసిన రీమర్ 30.00 నుంచి 30.02 వరకు ఇస్తుంది, షాఫ్టు 29.97 కాబట్టి సందు సరిపోతుంది.

కొలిచే ముందు ముక్కని చల్లారనివ్వండి. గన్‌మెటల్ 30 డిగ్రీలు వేడెక్కితే 38 మి.మీ. వ్యాసం సుమారు 0.02 పెరుగుతుంది. వేడి మీద 38.04 చూపించింది చల్లారాక 38.02 అవుతుంది, మీరు ఉంచిన బిగువులో మూడింట రెండు వంతులు పోయినట్టే.

లేత్ తిరిగే స్పీడుకి లెక్క తేలికే: 318ని కోత వేగంతో (నిమిషానికి మీటర్లలో) గుణించి, మి.మీ. వ్యాసంతో భాగించండి. హైస్పీడ్ స్టీలు టూల్‌తో, 40 మి.మీ. రాడ్‌కి, 40 మీటర్లకి దాదాపు 320 ఆర్‌పీఎం. ఇనుముకి నూరిన టూల్‌నే గన్‌మెటల్‌కి పెట్టకండి. పైభాగం వాలు లేకుండా చదునుగా ఉండాలి, లేకపోతే టూల్ లోహంలోకి దిగబడి ముక్కని లాగేస్తుంది.

పుస్తకం ఇవ్వలేనివీ ఉన్నాయి. గ్రైండరు మీద టూల్ నూరేటప్పుడు మణికట్టు తిప్పడం, టూల్ అదిరే ముందు వచ్చే సన్నటి కూత, రజను రంగు. వీటికి మేస్త్రీ పక్కన నిలబడి చూసి, చేసి, చెడగొట్టి నేర్చుకోవడమే మార్గం. లెక్క ఒక్కటే చాలదు, దాన్ని లోహంలో తీసే పనితనమూ కావాలి: జేమ్స్ వాట్ 1769లోనే ఆవిరి యంత్రానికి పేటెంటు తీసుకున్నా, సిలిండర్లోంచి ఆవిరి కారిపోతూనే ఉండేది. 1775లో జాన్ విల్కిన్సన్ చేసిన బోరింగ్ యంత్రంతో సరైన సిలిండరు దొరికాకే వాట్ లెక్క నడిచింది.

బోల్టు మరల పనిలో ఇంకో మోసం ఉంది. ఎం10 (10 మి.మీ. మెట్రిక్) మర పిచ్, అంటే ఒక చుట్టు నుంచి పక్క చుట్టుకి దూరం, 1.5 మి.మీ., కోణం 60 డిగ్రీలు. 3/8 అంగుళం విట్‌వర్త్‌కి (పాత బ్రిటిష్ మరకి) అంగుళానికి 16 మరలు, అంటే పిచ్ దాదాపు 1.59, కోణం 55. కంటికి రెండూ ఒకటే. బోల్టు రెండు మూడు చుట్లు ఎక్కి బిగుసుకుంటే స్పానర్‌తో బలవంతం చేయకుండా పిచ్ గేజ్ పెట్టి చూడండి.

పని అయ్యాక షాఫ్టు, హౌసింగు, బుష్ కొలతలు, గాడి ఏ వైపు ఉందో ఒక అట్టముక్క మీద గీసి, తేదీ వేసి పెట్టుకోండి. అదే మిల్లు మళ్లీ వచ్చినప్పుడు అరిగిన ముక్కని పక్కన పెట్టి, ఆ అట్ట చూసి చేయండి.