క్లయింట్ దగ్గర ఆగిపోయిన కాంట్రాక్టు డబ్బులు రాబట్టుకోవడం ఎలా?

పని అప్పజెప్పేశారు, క్లయింట్ బాగుందన్నారు కూడా, బిల్లు పంపి చాలా రోజులైంది, డబ్బు మాత్రం పడలేదు. ఫోన్ చేస్తే "ఈ వారంలో వేసేస్తాం" అంటారు, ఆ వారం గడిచిపోతుంది, మళ్లీ అడగాలంటే మీకే మొహమాటంగా ఉంటుంది. చాలామంది ఈ మొహమాటం దగ్గరే డబ్బు పోగొట్టుకుంటారు. నేనూ పోగొట్టుకున్నాను, అందుకే గట్టిగా చెప్తున్నా: అది మీ కష్టార్జితం, అడగడానికి సిగ్గుపడకండి.

ఎన్నిసార్లు అడిగామన్నది పెద్దగా పనికి రాదు. అడిగిన ప్రతిసారీ ఒక తేదీ, ఒక మొత్తం రాతలోకి వచ్చాయా లేదా అన్నదే చూసుకోవాలి. కింద రాసినదంతా దాని గురించే.

1. కాగితాలన్నీ ఒకచోట పెట్టుకోండి

క్లయింట్‌కు ఫోన్ చేసే ముందే ఒక పూట కేటాయించి ఈ పని చేయండి. ఒప్పందం, లేదా రేటు ఒప్పుకున్న మెయిల్, మధ్యలో "ఇది కూడా కలపండి" అని అడిగిన మెసేజ్‌లు, పని అప్పజెప్పిన రోజు పంపిన మెయిల్, "బాగుంది, థాంక్స్" అన్న జవాబు, ఇన్‌వాయిస్, దాని గడువు తేదీ, ఇంతవరకు వచ్చిన డబ్బు, మిగిలిన బకాయి. ఇవన్నీ తేదీల వరుసలో ఒక్క పేజీలో రాసుకోండి. వాట్సాప్‌లో మాట్లాడుకుని ఉంటే స్క్రీన్‌షాట్లతో ఆగకుండా మొత్తం చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌లో దాచుకోండి, ఫోన్ పోతే సాక్ష్యం కూడా పోతుంది.

సంతకాలు పెట్టిన ఒప్పందం లేదా? కంగారు పడకండి. నోటి ఒప్పందం కూడా చాలా దేశాల్లో చెల్లుతుంది, కాకపోతే జరిగిందని చూపించగలగాలి. అడ్వాన్స్ పడినట్టు బ్యాంకు స్టేట్‌మెంట్, మార్పులు చేయమని వాళ్లు పంపిన ఫైళ్లు, మీ పనిని వాళ్లు వాడుకుంటున్నారని తెలిపే ఆధారం, ఇవన్నీ పనికొస్తాయి.

ఈ పేజీ రాస్తున్నప్పుడే మీ వైపు ఏమైనా మిగిలిపోయిందేమో నిజాయితీగా చూసుకోండి. చిన్న లోపమైనా సరే, వాళ్లు దాన్ని పట్టుకునే లోపే సరిచేసి పంపేయండి.

2. బిల్లు ఎక్కడ ఆగిందో కనుక్కోండి

చాలామంది చేయని పని ఇది, అందుకే కాస్త వివరంగా చెప్తా.

ఒకసారి ఒక పెద్ద కంపెనీకి పని చేశాను. నాతో మాట్లాడే మేనేజర్ చాలా మంచి మనిషి, ఎప్పుడడిగినా "అకౌంట్స్ వాళ్లకి చెప్పానండీ, వచ్చేస్తుంది" అనేవాడు. అలా దాదాపు మూడు నెలలు. ఇక ఉండబట్టలేక ఒక రోజు ఆఫీసు మెయిన్ నంబర్‌కు ఫోన్ చేసి అకౌంట్స్‌కు కలపమన్నాను. ఫోన్ తీసిన ఆమె కీబోర్డు టకటకమని కొట్టి, రెండు నిమిషాలు వెతికి, "మీ పేరు మీద మా దగ్గర బిల్లే లేదండీ" అంది. విషయమేంటంటే, నా ఇన్‌వాయిస్ మీద వాళ్ల పర్చేజ్ ఆర్డర్ నంబర్ (పని అప్పగిస్తూ కంపెనీ ఇచ్చే ఆర్డర్ నంబర్) లేదని సిస్టమ్ దాన్ని మొదటి రోజే తిప్పి కొట్టింది. ఆ సంగతి చెప్పే మెయిల్ మేనేజర్‌కు వెళ్లింది, ఆయన తెరిచి చూడలేదు. నంబర్ వేసి మళ్లీ పంపాను, 11 రోజుల్లో డబ్బు పడింది. మూడు నెలల టెన్షన్‌కు మందు ఆ ఒక్క నంబరే.

కాబట్టి పని ఇచ్చిన మనిషిని ఒక్కరినే పట్టుకుని కూర్చోకండి. డబ్బు విడుదల చేసే మనిషి ఎవరో కనుక్కుని ఈ నాలుగూ అడగండి: ఇన్‌వాయిస్ మీకు చేరిందా, అప్రూవల్ అయిందా, కాకపోతే ఎవరి సంతకం కోసం ఆగింది, పేమెంట్లు ఏ రోజు వేస్తారు. పెద్ద సంస్థలు నెలలో ఫలానా రోజుల్లోనే అందరి పేమెంట్లూ కలిపి వేస్తుంటాయి. ఆ తేదీకి ముందు అప్రూవల్ కాకపోతే మీ బిల్లు తర్వాతి విడతకు వెళ్లిపోతుంది. ఇది తెలిస్తే ఎప్పుడు గుర్తు చేయాలో మీకే అర్థమవుతుంది.

చిన్న క్లయింట్ అయితే ఇంత తిరగక్కర్లేదు. యజమాని దగ్గర డబ్బు ఉందా, లేదా, ఉండి ఇవ్వడం లేదా అన్నదే చూసుకోవాలి.

3. గడువు దాటిన మర్నాడే రాయండి

నెల ఆగి కోపంగా రాసేకంటే మర్నాడే మామూలుగా రాయడం ఎంతో మేలు. సబ్జెక్టులోనే ఇన్‌వాయిస్ నంబర్, మొత్తం, గడువు తేదీ పెట్టండి. "డిస్టర్బ్ చేస్తున్నందుకు క్షమించండి" లాంటివి వద్దు. ఇలా రాయొచ్చు:

"నమస్కారం అండి. 14వ నంబర్ ఇన్‌వాయిస్ గడువు ఈ నెల 5తో ముగిసింది, కాపీ మళ్లీ జతచేస్తున్నాను. పనిలో గానీ బిల్లులో గానీ ఏమైనా అభ్యంతరం ఉంటే చెప్పండి, వెంటనే చూస్తాను. లేకపోతే మొత్తం ఏ తేదీన జమ అవుతుందో తెలియజేయగలరు."

అందులో అభ్యంతరం గురించిన వాక్యాన్ని వదిలేయకండి. ఇప్పుడు వాళ్లు "అభ్యంతరం ఏమీ లేదు, డబ్బు వేస్తాం" అని జవాబిస్తే, రెండు నెలల తర్వాత హఠాత్తుగా "పని సరిగా చేయలేదు" అన్నప్పుడు ఆ జవాబే మీకు అండగా ఉంటుంది.

జవాబు రాకపోతే వారం తర్వాత ఫోన్, రెండు వారాల తర్వాత ఇంకాస్త గట్టిగా ఒక మెయిల్, నెల తర్వాత చివరి నోటీసు. నేనైతే ఈ లెక్క పాటిస్తాను. ఏళ్ల తరబడి సక్రమంగా ఇచ్చిన క్లయింట్ అయితే కొంచెం అటూ ఇటూ జరుపుకోవచ్చు, మొదటిసారి పని ఇచ్చినవాళ్లయితే జరపకండి.

4. ఫోన్‌లో తేదీ అడగండి, పెట్టేశాక రాసి పంపండి

"చూస్తాం", "ప్రాసెస్‌లో ఉంది", "ఒకటి రెండు రోజుల్లో", ఇవేవీ జవాబులు కావు. అలా అన్నప్పుడు మర్యాదగానే "సరేనండీ, ఏ తేదీకి రాసుకోమంటారు?" అని అడిగి ఊరుకోండి. ఇక్కడ మౌనంగా ఉండటం కష్టం, మనమే ఏదో ఒకటి సర్దిచెప్పేస్తాం. సర్దిచెప్పకండి, వాళ్ల నోటి నుంచే తేదీ రానివ్వండి.

ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో మెయిల్ వెళ్లిపోవాలి: "ఇప్పుడు ఫోన్‌లో అనుకున్నట్టు బకాయిలో సగం 20వ తేదీలోగా, మిగతా సగం 30వ తేదీలోగా జమ చేస్తామన్నారు. ఇందులో తేడా ఉంటే ఈరోజే చెప్పగలరు." కాల్ రికార్డింగ్ విషయంలో ఒక్కో చోట ఒక్కో చట్టం ఉంది, ఆ జోలికి పోకుండా ఈ మెయిల్ పెట్టుకుంటే చాలు. చెప్పిన తేదీ వచ్చి డబ్బు రాకపోతే మర్నాడు ఉదయమే మళ్లీ ఫోన్ చేయండి. రెండు రోజులు ఆగితే ఆ తేదీకి మీ దగ్గరే విలువ లేదని వాళ్లకు అర్థమైపోతుంది.

5. సాకులకు జవాబు సిద్ధంగా ఉంచుకోండి

"మా క్లయింట్ ఇంకా మాకు ఇవ్వలేదు" అనేది ఎక్కువగా వినిపించేది. వాళ్లకు వచ్చాకే మీకు ఇస్తామని ఒప్పందంలో రాసి ఉందేమో చూడండి. లేకపోతే అది వాళ్లూ వాళ్లూ చూసుకోవాల్సిన విషయం, మర్యాదగానే ఆ మాట చెప్పేయండి.

"పని నచ్చలేదు" అని ఆలస్యంగా మొదలుపెడితే, ఏది నచ్చలేదో విడివిడిగా రాసి పంపమనండి. నిజమైన తప్పు ఉంటే సరిచేయండి, కానీ పేచీ లేని భాగానికి డబ్బు ఇప్పుడే వేయమని అడగండి. పది పేజీల్లో ఒక పేజీ మీద గొడవ ఉంటే మిగతా తొమ్మిదింటి డబ్బు ఎందుకు ఆగాలి?

నిజంగానే డబ్బు లేకపోతే? ఈ మాట ఒప్పుకునేవాళ్లను నేను కాస్త నమ్ముతాను. వాయిదాలకు ఒప్పుకోండి, కానీ నోటి మాటగా వద్దు. మొత్తం బకాయి ఇంత అని వాళ్లు ఒప్పుకుంటున్నట్టు, ఏ వాయిదా ఏ తేదీన అన్నది, ఒక్క వాయిదా తప్పినా మిగతా మొత్తం వెంటనే చెల్లించాలన్నది, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి సంతకం తీసుకోండి. మొదటి వాయిదా ఎంత చిన్నదైనా ఆ రోజే పడాలి.

ఇంకో జాగ్రత్త. కొందరు సగం డబ్బు పంపి, దాంతో పాటు "పూర్తి, చివరి సెటిల్‌మెంట్" అని రాసిన కాగితం మీద సంతకం అడుగుతారు. అది పెడితే మిగతా సగం వదులుకున్నట్టే అవుతుంది. ఆ కాగితం మీద సంతకం పెట్టకుండా, వచ్చింది ఇంత, ఇంకా రావాల్సింది ఇంత అని అదే రోజు మెయిల్ పెట్టండి.

6. కొత్త పని ఆపండి, చేసిన పనిని పాడు చేయకండి

ఇంకా పని నడుస్తుంటే ఆపండి. ఆపే ముందు ఒప్పందంలో దాని గురించి ఏముందో చదివి, "ఫలానా తేదీలోగా బకాయి రాకపోతే ఆ రోజు నుంచి పని నిలిపేస్తాను" అని ముందుగా రాయండి. పని చేస్తూ పోతే వాళ్లు పాత బాకీ తీరుస్తారనుకోవడం పొరపాటు, పని ఆగకపోతే వాళ్లకు తొందరేముంటుంది?

కోపంలో కొందరు క్లయింట్ వెబ్‌సైట్ పీకేయడం, ఫైళ్లు చెరిపేయడం, పాస్‌వర్డ్‌లు మార్చేయడం చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. బాధితులుగా ఉన్న మీరు కాస్తా నష్టపరిహారం కేసులో, ఒక్కోసారి క్రిమినల్ కేసులో నిందితులవుతారు. వాళ్లింటికి వెళ్లి గొడవ చేయడం, సోషల్ మీడియాలో పేరు పెట్టి దొంగ అని రాయడం, పోలీసుల పేరు చెప్పి బెదిరించడం, ఇవి కూడా అంతే.

7. చివరి నోటీసు, ఆ తర్వాత చట్టం

చివరి నోటీసులో ఆవేశం ఉండకూడదు. చేసిన పని, ఇన్‌వాయిస్ తేదీ, ఎప్పుడెప్పుడు ఇస్తామన్నారు, ఇప్పటి బకాయి, ఎన్ని రోజుల్లోగా కట్టాలి (7 నుంచి 14 రోజులు సబబు), కట్టకపోతే మీరు వేయబోయే అడుగు. చేయలేని పని చేస్తానని రాయకండి. మెయిల్‌తో పాటు చేరినట్టు రుజువుండేలా పోస్టులో కూడా పంపండి. ఇదే నోటీసు లాయర్ పేరుతో వెళ్తే కదిలేవాళ్లు చాలామంది ఉంటారు.

ఆలస్యానికి వడ్డీ అడగొచ్చా అంటే, ఒప్పందంలో ఉండాలి, లేదా మీరున్న చోటి చట్టంలో ఉండాలి. ఇలాంటి చట్టాలు చాలా చోట్ల ఉన్నాయి. బ్రిటన్‌లో 1998 నాటి చట్టం ప్రకారం వ్యాపారాల మధ్య బకాయిలకు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ (అక్కడి కేంద్ర బ్యాంకు) ప్రకటించే బేస్ రేటుకు మరో 8 శాతం కలిపి వడ్డీ అడగొచ్చు. యూరోపియన్ యూనియన్ 2011లో తెచ్చిన నిబంధన కూడా ఇంచుమించు అలాంటిదే. న్యూయార్క్ నగరంలో 2017 నుంచి ఫ్రీలాన్సర్ల కోసమే ఒక చట్టం ఉంది, తేదీ రాసుకోకపోతే పని పూర్తయిన 30 రోజుల్లోగా డబ్బు ఇవ్వాలి. భారత్‌లో 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదంటుంది, ఆపితే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. ఎంఎస్‌ఎంఈగా నమోదు చేసుకున్నవాళ్లకే ఈ రక్షణ ఉపయోగపడుతుంది కాబట్టి పని ఒప్పుకునే ముందే నమోదై ఉండటం మంచిది.

దావా వేయడానికీ ఒక గడువుంటుంది. మామూలు బకాయికి భారత్‌లో 3 ఏళ్లు, ఇంగ్లండ్‌లో 6 ఏళ్లు. ఆ గడువు తీరకముందే క్లయింట్ బకాయి ఉన్న మాట నిజమేనని సంతకంతో రాసిస్తే, ఈ రెండు చోట్లా లెక్క ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. ప్రతిదీ రాతలో తీసుకోమని మొదటి నుంచీ పోరుతున్నది ఇందుకు కూడా.

కోర్టుకు వెళ్లే ముందు ఒప్పందంలో మధ్యవర్తిత్వం గురించి ఏమైనా ఉందేమో చూడండి. చాలా దేశాల్లో చిన్న మొత్తాల కోసం లాయర్ లేకుండానే వెళ్లగలిగే కోర్టులున్నాయి. బకాయి కంటే ఖర్చు ఎక్కువయ్యేలా ఉంటే ఎంతకు రాజీ పడొచ్చో ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి, అవతలివాళ్ల ముందు కాదు. నా వరకు, వెంటనే ఖాతాలో పడే 80 శాతం, రెండేళ్ల తర్వాత రావచ్చేమో అనిపించే 100 కంటే మెరుగు.

8. డబ్బు పడ్డాక

పడిన మొత్తాన్ని మీ లెక్కతో సరిచూసుకోండి. పన్ను మినహాయించుకుని వేసి ఉంటే దానికి సర్టిఫికెట్ అడగండి. అందినట్టు రెండు లైన్ల రసీదు పంపండి, ఎంత గొడవ జరిగినా సరే.

అదే క్లయింట్ మళ్లీ పని ఇస్తామంటే ఒప్పుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. ఒప్పుకుంటే మాత్రం పనిని రెండు మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు డబ్బు వచ్చాకే తర్వాతిది అని రాసుకోండి. ఇన్‌వాయిస్ మీద ఏ నంబర్ వేయాలో, అది ఎవరికి వెళ్లాలో ముందే అడిగి తీసుకోండి, సగం అడ్వాన్స్ ఖాతాలో పడిన రోజే పని మొదలవుతుందని మెయిల్‌లో రాసి పంపండి.