ధ్రువం దగ్గరి పీడనం చూసి మన చలిని అంచనా కట్టే పద్ధతి

డిసెంబరు వచ్చిందంటే "ధ్రువ సుడి విరిగింది, గడ్డకట్టే చలి వస్తోంది" అనే మెసేజులు వాట్సాప్‌లో తిరుగుతాయి. ధ్రువ సుడి అంటే చలికాలంలో ఉత్తర ధ్రువం చుట్టూ చాలా ఎత్తున తిరిగే చల్లగాలుల వలయం. అమెరికాకో ఐరోపాకో అది నిజమే కావచ్చు. వరంగల్, ఆదిలాబాద్‌ల దాకా రావాలంటే ఆ చలికి మధ్యలో అడ్డంకులు చాలా ఉన్నాయి. అందుకే దూరం నుంచి మొదలుపెట్టి మన వాకిటి దాకా ఒక వరసలో చూసుకోవాలి.

మొదట చూడాల్సింది ఆర్కిటిక్ ఆసిలేషన్ సూచిక, అంటే ఉత్తర ధ్రువం దగ్గరి గాలి పీడనం మామూలుకన్నా పెరిగిందా తగ్గిందా చెప్పే అంకె. అమెరికా వాతావరణ సంస్థ నోవా (NOAA) నడిపే క్లైమేట్ ప్రెడిక్షన్ సెంటర్ సైటులో దీని గ్రాఫు రోజూ మారుతుంది. నల్లగీత ఇప్పటిదాకా నమోదైన విలువలు, ఎర్రగీతలు రాబోయే రోజుల అంచనాలు. గీత సున్నాకు పైన ఉంటే ధ్రువం మీద పీడనం మామూలుకన్నా తక్కువని అర్థం. అప్పుడు చుట్టూ తిరిగే పడమటి గాలులు బలంగా ఉండి చలిని అక్కడే కట్టిపడేస్తాయి. సున్నాకు కిందికి పోతే ధ్రువం మీద పీడనం పెరిగినట్టు. గాలుల పట్టు సడలుతుంది, జెట్ స్ట్రీమ్ (చాలా ఎత్తున పడమటి నుంచి వేగంగా వీచే గాలి ప్రవాహం) వంకరలు తిరుగుతుంది, ఆ వంకరల్లోంచి చల్లగాలి దక్షిణానికి జారుతుంది. ప్లస్ 1, మైనస్ 1 మధ్య ఊగిసలాటను వదిలేయండి. మైనస్ 3 దాటితే గట్టి సంకేతమే. 2010 ఫిబ్రవరిలో నెల సగటే మైనస్ 4.27కు పడింది, ఆ శీతకాలంలో తూర్పు అమెరికా మంచులో కూరుకుపోయింది. ఎర్రగీతలు తలో దారి పట్టినప్పుడు మాత్రం ఆ అంచనాను పక్కన పెట్టడమే మంచిది.

రెండోది ఇంకా పైన, దాదాపు 30 కిలోమీటర్ల ఎత్తున, 10 హెక్టోపాస్కల్ (గాలి పీడనానికి కొలమానం) మట్టంలో ఉంటుంది. ప్రపంచమంతా గాలులు ఎలా వీస్తున్నాయో చూపే నల్‌స్కూల్ సైటు మ్యాపులో ఆ మట్టం ఎంచుకుని 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం చుట్టూ గాలి ఎటు తిరుగుతోందో చూడండి. చలికాలంలో అది పడమటి నుంచి వీయాలి. మొత్తం మీద తూర్పు గాలిగా తిరగబడితే ధ్రువ సుడి దెబ్బతిన్నట్టే. దాని ప్రభావం కిందికి దిగడానికి వారాలు పడుతుంది. 2021 జనవరి మొదట్లో అలా తిరగబడింది. టెక్సాస్‌లో కరెంటు పోయి జనం వణికింది ఫిబ్రవరి మధ్యలో. తిరగబడిన ప్రతిసారీ చలి వస్తుందన్న హామీ కూడా లేదు.

చాలామంది పొరబడేది ఇక్కడి నుంచే. సైబీరియా గాలి నేరుగా మన మీదికి రాదు, హిమాలయాలు అడ్డం. మనకు చలి తెచ్చేది వెస్టర్న్ డిస్టర్బెన్సులు, అంటే మధ్యధరా సముద్రం వైపు నుంచి కదిలివచ్చే అల్పపీడనాలు. అవి కశ్మీర్, హిమాచల్‌లలో మంచు కురిపించి తూర్పుకు జరిగాక, వెనకాలే పొడి వాయవ్య గాలి రాజస్థాన్, మధ్యప్రదేశ్, విదర్భ మీదుగా ఆదిలాబాద్‌లోకి దిగుతుంది. కాబట్టి సూచిక మైనస్‌లో ఉందని స్వెటర్లు పెట్టెలోంచి బయటికి తీయనక్కర్లేదు. విండీ అనే వాతావరణ సైటులో 850 హెక్టోపాస్కల్ మట్టం, అంటే సుమారు కిలోమీటరున్నర ఎత్తు ఎంచుకుని నాగపూర్ దగ్గర గాలి ఉత్తరం లేదా వాయవ్యం నుంచి ఉందా చూడండి. రెండు మూడు రోజులు అలాగే నిలిస్తే ఆసిఫాబాద్, ఆదిలాబాద్‌లలో ముందు, వరంగల్ వైపు ఆ తర్వాత చలి పెరిగే అవకాశం ఎక్కువ.

అదే సమయంలో బంగాళాఖాతంలో అల్పపీడనం ఉంటే లెక్క తలకిందులవుతుంది. తూర్పు గాలి తేమ తెస్తుంది, మబ్బు కమ్ముతుంది, నేల వేడి పైకి పోకుండా మబ్బు దుప్పటిలా పట్టి ఉంచుతుంది. ఈ సంగతి చూడకుండా చెప్పిన చలి జోస్యాలే ఎక్కువ తప్పుతాయి.

ఇక ఈ రాత్రి సంగతి. సాయంత్రం ఏడింటికి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి నిలిచిపోయి, డ్యూ పాయింట్ (గాలిలోని తేమ మంచుబిందువులుగా మారే ఉష్ణోగ్రత) 8 డిగ్రీలుంటే తెల్లవారుజామున ఉష్ణోగ్రత ఆ దరిదాపులకు దిగొచ్చు. వాతావరణ కేంద్రం థర్మామీటరు నాలుగైదు అడుగుల ఎత్తున ఉంటుంది. అలాంటి రాత్రి నేలను ఆనుకుని అంతకన్నా కొన్ని డిగ్రీలు తక్కువే, లోతట్టు పొలాల్లో మరీను.

చలిగాలుల ప్రకటనకు వాతావరణ శాఖ మైదాన ప్రాంతాల్లో కనిష్ఠం 10 డిగ్రీలు లేదా తక్కువ ఉండాలంటుంది, పైగా సాధారణం కన్నా 4.5 డిగ్రీలు తగ్గాలి. తేడా 6.4 దాటితే తీవ్ర చలిగాలులు. కనిష్ఠం 4కు పడితే తేడాతో పనిలేదు. సాధారణం 16 ఉన్నచోట 11కు పడితే తేడా 5, అయినా ప్రకటన రాదు. నారుమడికి మాత్రం ఆ 11 చాలు దెబ్బతీయడానికి.

కాబట్టి యాసంగి నారు పోసినవాళ్లు ప్రకటన కోసం ఆగొద్దు. కనిష్ఠం 12 దగ్గరికి వస్తోందంటే వెదురు బద్దలు ఊతంగా పాతి, సాయంత్రమే పాలిథిన్ పట్టా గానీ ఖాళీ యూరియా సంచులు కుట్టిన పరదా గానీ కప్పండి. పట్టా ఆకుకు తగలకూడదు. పొద్దెక్కాక తీయకపోతే లోపలి వేడికి నారు మాడుతుంది. రాత్రి చల్లబడిన నీటిని ఉదయమే వదిలేసి బోరు నీళ్లు పెట్టండి, అవి కాస్త వెచ్చగా ఉంటాయి. ఆకు మీద తుప్పు మచ్చలు కనిపిస్తే లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి పిచికారీ చేయండి, అందులో పురుగుమందు మాత్రం కలపొద్దు. మండె కట్టిన (నానబెట్టి మొలక కోసం మూటగట్టిన) వడ్లు చలికి ఆలస్యంగా మొలకెత్తుతాయి. గోనె సంచుల మీద గడ్డి మందంగా కప్పి, ఇంకో రోజు ఆగి చూశాకే చల్లండి.