గిన్నెడు నీళ్లతో సూర్యుడి వేడి కొలవడం

ఏటా మే నెలలో గుంటూరు బ్రాడీపేటలోని మా డాబా మీద ఏడాదికి సరిపడా మిరపకాయలు ఎండబెడతాం. పోయిన వేసవిలో కాయలు తిరగేస్తుంటే, అరికాళ్లు కాలి గెంతుతున్న మనవడు "అమ్మమ్మా, ఇక్కడే ఇంత కాలుతుంటే సూర్యుడి మీద ఎంత ఉంటుంది?" అన్నాడు. ఫోనులో చూస్తే అర నిమిషంలో తెలిసేదే. కానీ ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినదాన్ని, ఊరుకుంటానా? "కొలుద్దాం, గిన్నె పట్రా" అన్నాను.

20 సెంటీమీటర్ల వెడల్పున్న చదునైన గిన్నె కావాలి. దాన్ని థర్మాకోల్ పెట్టెలో కూర్చోబెట్టి లీటరు నీళ్లు పోయండి. థర్మామీటరు ల్యాబుల్లో వాడేదే తెచ్చుకోండి. జ్వరం చూసేది 42 దగ్గర ఆగిపోతుంది, పైగా ఎక్కిన పాదరసం విదిలిస్తే గానీ దిగదు. నీళ్లలో నల్ల సిరా కలపండి, లేకపోతే సగం వెలుగు అడుగు తగిలి వెనక్కి పోతుంది.

ఆ పైన చెంచాడు నూనె. మొదటిరోజు ఇది మానేశాను. ఎంతసేపు ఉంచినా వేడి 3 డిగ్రీలకు మించి పెరగలేదు, థర్మామీటరు పాడైందనుకుని కాసేపు తిట్టుకున్నాను. తీరా చూస్తే నీళ్లు ఆవిరవుతూ చల్లబడుతున్నాయి, కుండలో నీళ్ల లాగే! నూనె పల్చగా పరుచుకుంటే ఆ ఆవిరి ఆగిపోతుంది.

రోజు కూడా చూసుకోవాలి. మే మొదటి వారం చివర్లో గుంటూరులో మధ్యాహ్నం 12 గంటల 5 నిమిషాలకు సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నిలువు కర్రకు నీడే పడదు. అప్పుడు గిన్నె చదునుగా ఉన్నా ఎండ నిటారుగా పడుతుంది. నీళ్లు గాలి కంటే రెండు డిగ్రీలు చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. మొదట గాలి నుంచి వచ్చే వేడికీ చివర్లో గాలికి పోయే వేడికీ చెల్లుకు చెల్లు. 12 నుంచి 12.10 దాకా మా నీళ్లు 38 నుంచి 42 డిగ్రీలకు వచ్చాయి.

లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 4,186 జౌళ్లు కావాలి. నాలుగింటికి 16,744. 600 సెకన్లతోనూ, గిన్నె వైశాల్యం 0.0314 చదరపు మీటరుతోనూ భాగిస్తే చదరపు మీటరుకు దాదాపు 889 వాట్లు.

ఇక సూర్యుడి దూరం తెలియాలంటారా? అక్కర్లేదు, అద్దం ముక్క చాలు. దానికి కాగితం అంటించి, అగ్గిపుల్ల తల దూరేంత కంత పెట్టి, పొద్దుటి ఎండను చీకటి గదిలో 10 మీటర్ల అవతలి గోడ మీద వేయండి. కంత వంకరగా చిరిగినా గోడ మీద పడేది గుండ్రటి మచ్చే. అది సూర్యుడి బొమ్మ! చూస్తుండగానే మెల్లగా జరుగుతుంది. వెడల్పు 9.3 సెంటీమీటర్లు వచ్చింది. (సూర్యుణ్ణి నేరుగా చూడొద్దు, అద్దం ఎవరి కళ్లలోకీ తిప్పొద్దు.) 1,000ని 9.3తో భాగిస్తే 107.5. అంటే సూర్యుడు తన వ్యాసానికి అన్ని రెట్ల దూరంలో, వ్యాసార్ధానికి 215 రెట్ల దూరంలో ఉన్నాడు. దూరం రెట్టింపైతే ఎండ నాలుగో వంతు అవుతుంది, అంటే దూరం వర్గం లెక్కన తగ్గుతుంది. 215ను 215తో గుణిస్తే 46,225. మన డాబా మీద పడే ఎండ కంటే సూర్యుడి ఉపరితలం దగ్గర అన్ని రెట్లు ఎక్కువన్నమాట.

889ని దానితో గుణిస్తే 4.11 కోట్ల వాట్లు. వేడి వస్తువు వెదజల్లే శక్తి దాని ఉష్ణోగ్రత నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుంది, అందుకే వెనక్కి లెక్కగట్టాలి: దీన్ని 5.67తో భాగించి, 10 కోట్లతో గుణించి (ఈ రెండూ ఆ సూత్రంలోని స్థిరాంకం కోసం), కాలిక్యులేటరులో వర్గమూలం మీట రెండుసార్లు నొక్కండి. సుమారు 5,190 కెల్విన్‌లు, అందులోంచి 273 తీసేస్తే సెల్సియస్‌లో 4,900 డిగ్రీల పైమాట. అసలు లెక్క 5,500. దారిలో గాలి మింగేసిన ఎండను మేం కలపలేదు. వాతావరణం పైన 1,361 వాట్లు ఉంటుంది, అది వేసి చూస్తే 5,772 కెల్విన్‌లు, అంటే అసలు లెక్కే వస్తుంది. మూడో వంతు ఎండ పోయినా జవాబు పదో వంతే తగ్గింది చూశారా? నాలుగో మూలం మహిమ అది. 1838లో క్లాడ్ పుయె అనే ఫ్రెంచి ఆయన కూడా నల్లపూత పూసిన నీళ్ల పెట్టెతో ఎండను బాగానే కొలిచాడు. పాపం, ఈ నాలుగో ఘాత సూత్రాన్ని స్టెఫాన్ 1879లో గానీ చెప్పలేదు, అందుకే పుయె చెప్పిన ఉష్ణోగ్రత బాగా తక్కువ వచ్చింది.

ఇదంతా పైపైన వేడే. నడిమధ్యన కోటిన్నర డిగ్రీలు, దానికి గిన్నె చాలదు.

పనయ్యాక సిరా నీళ్లు దూరంగా పారబోయండి. మావాడు మిరపకాయల వైపే ఒంపాడు, రెండు చేటల కాయలు పోయాయి.