ఆకారాలతో ఆట – 4: శనగగింజలు, చీపురుపుల్లలు

పోయిన పాఠంలో వంటింటి డబ్బాలనూ నిమ్మకాయలనూ ఏటవాలు పలక మీద వదిలి, ఏది దొర్లుతుందో ఏది జారుతుందో చూశాం. అప్పుడు మీ పిల్లలు పాచికను పట్టుకుని 'చతురస్రం' అని ఉంటే కంగారు పడకండి. పెద్దవాళ్లమూ అలాగే అంటాం. చతురస్రం పాచికకు ఉన్న ముఖాల్లో ఒకటి, అంతే. పాచిక సమఘనం. ఈ తేడా నోటితో వందసార్లు చెప్పినా పిల్లలకు నిలవదు. అందుకే ఈసారి కట్టి చూద్దాం.

రాత్రి గుప్పెడు శనగలు నానబెట్టండి. ఉదయం నీళ్లు వంచేసి గుడ్డతో తుడవండి. తడిగా ఉంటే పుల్ల జారిపోతుంది. కొబ్బరి ఈనెల చీపురు నుంచి సన్నని పుల్లలు ఏరి, వేలెడంత పొడవున కనీసం ముప్పై కత్తిరించండి. ఈ కత్తిరింపు పెద్దల పనే. ఒక్క పుల్ల పొట్టిదైనా ఆకారం వంకర పోతుంది, తప్పు తనదేమో అనుకుని పిల్ల మధ్యలో లేచిపోతుంది. ఈ ఉపాయం నాది కాదు. కిండర్‌గార్టెన్‌కు ఆద్యుడైన జర్మన్ ఉపాధ్యాయుడు ఫ్రోబెల్ 19వ శతాబ్దంలోనే నానిన బఠాణీలతో, పుల్లలతో పిల్లల చేత ఇలా కట్టించాడు.

ముందు బల్ల మీద చదునుగా కట్టించండి. మూడు పుల్లలు, మూడు గింజలతో త్రిభుజం. నాలుగు పుల్లలు, నాలుగు గింజలతో చతురస్రం. ఇప్పుడు చతురస్రం అడుగు పుల్లను ఒక చేత్తో కదలకుండా పట్టి, పై మూలను మెల్లగా పక్కకు నెట్టమనండి. అది ఒరిగిపోతుంది. పుల్లలు అవే, నాలుగూ సమానమే, అయినా మూలలు లంబకోణాలుగా లేవు. చతురస్రం కాస్తా ఉత్త సమచతుర్భుజమైంది. భుజాలు సమానమైతే చాలదని పిల్ల వేలికే తెలుస్తుంది. త్రిభుజాన్నీ అలాగే నెట్టమనండి. గింజ ఊడాలే తప్ప రూపు మారదు. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద 1974లో ప్రారంభమైన రోడ్డు-రైలు వంతెన ఫోటో ఉంటే అప్పుడే చూపించండి. ఆ ఇనుప కమ్మీల్లో త్రిభుజాలు వెతకడం పిల్లలకు భలే సరదా.

ఇక పైకి లేపుదాం. చతురస్రం నాలుగు గింజల్లో నాలుగు పుల్లలు నిలబెట్టి, వాటి మీద మరో చతురస్రం కట్టండి. సమఘనం వచ్చింది. కాస్త ఊగుతుంది, ఎందుకో పిల్లనే అడగండి. పుల్లలు ఎన్ని అని అడిగితే చాలామంది పిల్లలు ఒకే పుల్లను రెండుసార్లు లెక్కపెట్టి పదమూడో పద్నాలుగో అంటారు. కింద నాలుగు, నిలువుగా నాలుగు, పైన నాలుగు అని విడదీసి లెక్కించడం నేర్పితే 12 దగ్గర ఆగుతారు. గింజలు 8. పుల్లను 'అంచు' అనీ గింజను 'శీర్షం' అనీ ఇప్పుడు చెప్పండి, అంతకు ముందు వద్దు. ముఖాలు కనబడవు, ఖాళీలే ఉన్నాయి. ఆ కిటికీలను కాగితం ముక్కలతో మూయమంటే 6 ముక్కలు పడతాయి.

తరువాత త్రిభుజం మీద మూడు పుల్లలు లేపి కొసలను ఒకే గింజలో కలపండి. ఇది చతుర్ముఖి: 6 పుల్లలు, 4 గింజలు, 4 ముఖాలు. ఇది ఊగదు. చతురస్రం మీద అలాగే కడితే పిరమిడ్: 8 పుల్లలు, 5 గింజలు, 5 ముఖాలు.

మూడింటి లెక్కలనూ పిల్లల చేత పలక మీద వరుసగా రాయించి ఊరుకోండి. మూడు, నాలుగు తరగతుల పిల్లలైతే గింజలూ ముఖాలూ కలిపి పుల్లలు తీసేయమనండి. ప్రతిసారీ 2 మిగులుతుంది. గణితవేత్త ఆయిలర్ 1750లో గమనించిన సంగతి ఇది. అయితే మీరు ముందే చెప్పేస్తే అది ఎక్కం అయిపోతుంది, దయచేసి నోరు కట్టుకోండి.

చివరగా పాలడబ్బా చూపించి, దీన్నీ కట్టమని అడగండి. ఈ డబ్బా ఆకారం స్థూపం. దానికి శీర్షాలు లేవు, అంచులు గుండ్రం. ఈ పుల్లలతో సాధ్యం కాదు. "వంగే పుల్ల ఇవ్వు" అని పిల్ల అడిగితే పాఠం ఎక్కినట్టే.

వచ్చే పాఠానికి ఖాళీ సబ్బుపెట్టెలు రెండు దాచి ఉంచండి. చింపకుండా, అతుకుల దగ్గర విప్పాలి.